నాలుక గడి

చలికి టాబ్లెట్ మన్ను తిన్న పాములా పడి ఉంది.
చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చజేసి
మళ్లీ తెరిచాను.
తితికాకా మీంచి గాలి,
గాలి నిండా ఎండిన రెల్లు వాసన.

పొర నంబరు రెండు వందల పద్నాలుగు.
లోతు ఎనభై ఆరు సెంటీమీటర్లు.
రంగు, చార్టుకు ఆనించి చూశాను,
పాలిపోయిన బూడిద.
మట్టి రకం?
తెర మూడే మాటలు చూపించింది:
ఇసుక, ఒండ్రు, బంకమన్ను.
మూడోది నొక్కబోతుంటే
గోతిలోంచి ఇలారియో తికోనా
"కాదు" అన్నాడు.

అరవై మూడేళ్లు. ముప్ఫై తవ్వకాలు.
ఏ నివేదికలోనూ పేరు లేదు,
"స్థానిక కూలీలు, ఆరుగురు" అన్నచోట
ఆ ఆరులో ఒకటి.
తాపీ మొనతో చిటికెడు తీసి
నాలుక మీద వేసుకున్నాడు.
ఆపబోయాను. అది శాంపిల్, సంచిలోకి వెళ్లాలి.
చప్పరించి, ఉమ్మకుండా మింగి,
"చాకో" అన్నాడు.
"చేదు దుంపలకి అద్దుకు తింటాం. మా అమ్మ
నీళ్లల్లో పలచగా కలిపేది, కడుపులో చల్లగా ఉంటుందని.
ఇది ఈ నేలది కాదు పిల్లా.
రెండు రోజుల నడక, అవతలి కొండది.
ఎవరో వీపున మోసుకొచ్చారు."

గోతి అంచున అలాగే కూర్చుండిపోయాను.
అప్పటిదాకా అది కూలిన గోడ.
నా గీతల్లో గోడ, నా ఫొటోల్లో గోడ.
ఇప్పుడక్కడ ఎవరో
దుంపలు ఉడికాయో లేదో పుల్లతో గుచ్చి చూస్తూ
రెండో చేత్తో మన్ను కలుపుతున్నారు.

తవ్వడమంటే
చదివిన పుట చదివినట్టే చింపేసే చదువు.
రెండోసారి ఎవరికీ దొరకదు.
రాసుకున్నదే మిగిలిన ఊరు.
రాసుకోవడానికి గడే లేకపోతే?

ఆ రాత్రి, జనరేటర్ దగ్గుతుండగా,
సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్లాను.
తాళం లేని ఇల్లది.
ఎవరైనా రావచ్చు, గోడకి కన్నం చేసి కిటికీ పెట్టుకోవచ్చు,
పెట్టిన కిటికీలోంచి అందరినీ చూడనివ్వాలి,
అద్దె అంతే.
లోపల ఎవరెవరో వదిలిపోయిన మాటలు:
"ఇది ఎందుకు పనిచేస్తోందో తెలీదు, ముట్టుకోకండి."
"గుడారంలో వాన. తప్పులుంటే తెల్లారాక దిద్దుతాను."
దిద్దినట్టు లేదు.
అవీ పొరలే అనిపించి
తాపీతో దిగినంత మెల్లగా దిగాను.

నా మొదటి వరస పటం మొత్తాన్ని మింగేసింది.
రెండోది మా గోతులన్నిటినీ
ఆఫ్రికా పక్కన సముద్రంలో ముంచింది.
మూడో రాత్రి, కాళ్లు కొయ్యబారాక,
తెర మీద ఒక ఖాళీ గడి నిలబడింది:
తవ్విన మనిషి ఏమన్నాడు?
దాని కింద ఇంకొకటి, చిన్నది:
ఆ మనిషి పేరు.

అందరి కోసం పంపించాను.
ఎస్టోనియా నుంచి కైసా అనే ఆవిడ జవాబు:
"ఒక కామా తగ్గింది, పెట్టాను.
పేరు తప్పనిసరి చెయ్యాలా?"
ఇలారియోని అడిగాను.
కోకా ఆకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చి
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇష్టమైతేనే. తాతల ఎముకలు కదిలించామని
ఊళ్లో తెలిస్తే కొందరికి నిద్ర పట్టదు.
నాది రాయి."

మరుసటేడు, ఇంకేదో వెతుకుతుంటే
మంగోలియా రికార్డు ఒకటి తెరుచుకుంది.
పొర పదిహేడు. ఆ గడిలో:
"గుర్రాలు పడుకున్న నేల ఇది.
చెప్పులు విప్పి నిలబడు, తెలుస్తుంది."
కింద పేరు గడి ఖాళీ.
ఆ ఖాళీని ఎంతసేపు చూశానో.

ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు.
తెర ఇలారియో వైపు తిప్పి
ఆయన మాట ఆయనకే చదివి వినిపించాను,
పేరుతో సహా.
కనుబొమలు ముడేశాడు.
"అంతా బాగానే ఉంది.
ఉప్పు తక్కువైందని
రాయలేదేం?"